పాలపండ్లు – పెద్దల బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



25 ఏండ్ల పండుగ జరుపుకొనుచున్న గ్రంథాలయమున పురాణమును గురించియో, కావ్యమును గురించియో ప్రసంగము జరుగుట పరిపాటి. ఈ సాయంకాలము అందుకు మారుగా పసిపిల్లల పండ్లను గురించిన ప్రసంగ మేర్పాటయినది. ఇది మిక్కిలి చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని పంటిపోటుతో ఏడ్చు బిడ్డను భుజమున వేసికొని, తెల్లవారువరకు ముంగిట తిరుగాడిన తల్లి కది చిన్న విషయము కాదు. ఆ రాత్రి ఏడుపునకు బీజము ఆ రాత్రి పడినది కాదు. అది ఏడాది రెండేండ్లకు ముందే, పెద్దల కన్నుల యెదుటనే పడినది. పెద్దలు చూడకపోలేదు; చూచియు దాని భావ మెరుగరైరి. ఆ ఎరుకయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

మన పల్లెలలో ఒక ముచ్చట గలదు. పిల్లవానికి పన్ను ఊడినపుడు దానిని పేడముద్దలో పొదిగి ఇంటికప్పుపైకి విసరింతురు. క్రొత్తపన్ను చక్కగా రావలెనని ఆ వేడుక. అందులో దోషమేమియు లేదు. కాని విసరుటకు ముందు ఆ పంటి నొకమారు చేతిలో నుంచుకొని పరికించువారు తక్కువ. పరికించినచో దానికి వేరు కానరాదు. పైన తెల్లని చిప్పయు, క్రింద గరుకైన అంచును మాత్రమే యుండును. దీనినిబట్టియే పాలపండ్లకు వేళ్ళుండవనియు, అవి చిగురున కంటుకొనియుండు పైపై పండ్లనియు లోకమున నొక భ్రమ వ్యాపించినది. నిజము వేరు. పాలపంటికిని వేరు గలదు; దవడల పాలపండ్లకు రెండేసి, మూడేసి వేళ్ళు గలవు. ఎముకలో దాని క్రింద శాశ్వతదంతము పెరిగి పైకి వచ్చుచుండగా ఆ వేరు కొంచెము కొంచెముగా కరగిపోవును. అంతయు కరగిన పిదప పన్ను కదలి, పెద్దనొప్పి లేకయే ఊడివచ్చును. కావున ఊడిన పంటికి వేరు లేకపోవుట దాని అల్పత్వమునకు గుర్తు కాదు. తన పని ముగించి, వచ్చువానికి చోటిచ్చి తప్పుకొనినదనుటకు గుర్తు.

ఆ పని యేది? నమలుట, మాటలోని అక్షరములను స్పష్టముగా పలికించుట అందరికిని తెలిసిన పనులు. తెలియని పని ఒకటి గలదు. బస్సులో చోటు నిలుపుకొనుటకు కిటికీలోనుండి కండువా వేయుట యెల్ల రెరిగినదే. వేసినవాడు ఎక్కువరకు ఆ కండువా చోటును కాచును. దానిని ముందే తీసివేసినచో ఆ చోట మరియొకడు కూర్చుండును. అసలువాడు వచ్చి నిలుచుండవలసివచ్చును. పాలపన్ను శాశ్వతదంతము వేసిన కండువా వంటిది. అది కాలమునకు ముందే పుచ్చిపోయినను, పీకివేయబడినను, ఇరుప్రక్కల పండ్లు ఖాళీలోనికి ఒరగును. వెనుక రావలసిన పన్ను దారిలేక వంకరగా మొలచును, లేక ఎముకలోనే చిక్కుకొని యుండిపోవును.

ఈ పండ్ల కాలక్రమము నెరుగుట తల్లిదండ్రులకు అవసరము. బిడ్డ కడుపులో నాలుగవ నెలలో నుండగానే పాలపండ్లకు గట్టిపదార్థము పేరుకొన మొదలిడును. సుమారు 6వ నెలలో క్రింది ముందుపండ్లు రెండును చిగురును చీల్చుకొని వచ్చును. కొందరికి 4వ నెలలోనే రావచ్చును, కొందరికి ఏడాది నిండవచ్చును, అంతమాత్రమున భయపడనక్కరలేదు. పై పండ్లు ముందు మొలచినచో మేనమామకు గండమని కొన్ని యిండ్లలో కలవరపడుదురు. పండ్ల వరుసకును మేనమామ ఆయువునకును సంబంధ మేమియు లేదు. రెండున్నర, మూడేండ్లకు పైన 10, క్రింద 10, మొత్తము 20 పాలపండ్లు పూర్తియగును. 6వ యేట ముందుపండ్లు ఊడ నారంభించును. దవడల పాలపండ్లు మాత్రము 10, 12 ఏండ్లవరకు నిలిచి పనిచేయవలసినవి. మూడేండ్లకు వచ్చి పండ్రెండవ యేటివరకు నుండవలసిన పంటిని "రాలిపోవునదే కదా" యని విడిచిపెట్టుట, పదేండ్లు కాపురముండవలసిన యింటిని తాటాకుపందిరిగా భావించుట వంటిది.

ఇక మరియొక ముఖ్యవిషయము. 6వ యేట, పాలపండ్ల వరుసకు వెనుక, ఏ పన్నును ఊడకయే, నాలుగు మూలలను నాలుగు పెద్ద దవడపండ్లు నిశ్శబ్దముగా మొలచును. ఇవి శాశ్వతదంతములు. మొత్తము 32 శాశ్వతదంతములలో సామాన్యముగా తొలుత వచ్చునవి ఇవియే. నమలుటలో పెద్దబరువు మోయునవి ఇవియే. పన్నేదియు ఊడలేదు గనుక ఇవియు పాలపండ్లే యని తలిదండ్రులు పొరబడుదురు. వాని పైభాగమున లోతైన గాడులుండును. అందులో అన్నపుమెతుకులును తీపియు చిక్కుకొని త్వరగా పుచ్చును. ఏడెనిమిదేండ్ల బిడ్డకు వెనుకపంటిలో నల్లని గుంట కానవచ్చినపుడు "ఇదియు ఊడి మరల వచ్చును" అని యూరకుండుటవలన, జన్మలో మరల రాని పన్ను పోవుచున్నది.

ఇట్టి కథ అనేక గృహములలో ఒక్కతీరుగనే జరుగును. ఐదేండ్ల పాప దవడ పట్టుకొని యేడ్చును. "అత్తయ్యగారూ, పట్టణమునకు తీసికొనిపోయి వైద్యునికి చూపింతుమా?" యని కోడలడుగును. "ఊడిపోవు పన్నే గదమ్మా! దాని కింత ఖర్చేల? లవంగము నూరి పెట్టుము, తగ్గును" అని అత్తగారు పలుకును. ఆమె మాటలో ప్రేమలేక కాదు. తన పిల్లల నామె అట్లే పెంచినది. లవంగమువలన నొప్పి తగ్గుటయు నిజమే. కాని పుచ్చు తగ్గదు. అది లోపలి నరమును చేరి, వేరుమొదట చీముపట్టి, బుగ్గ వాచును. అపుడు పీకించుట తప్ప గతిలేదు. కొన్ని సమయములలో ఆ చీము క్రింద పెరుగుచున్న శాశ్వతదంతపు పింగాణిపూతను గూడ చెరచును. పన్ను పీకిన చోటికి ఆరేండ్ల దవడపన్ను ముందునకు జరుగును. 11వ యేట అచట రావలసిన పన్ను పెడగా వచ్చును. అపుడు తీగలు కట్టించుటకగు ఖర్చుతో పోల్చినచో, తొలుత ఆ చిన్న గుంటను పూడ్పించుట కగు ఖర్చు మిక్కిలి స్వల్పము. ఒకవేళ పీకింపక తప్పనిచో, ఖాళీని కాచుటకు వైద్యులు చిన్న తీగచుట్టు నమర్తురు. దానినైనను అడిగి పెట్టించుకొనవలెను.

పుచ్చు ఎట్లు కలుగును? పంటిలో పురుగు తొలుచునని పూర్వులు తలచిరి. కంటికి కనుపించు పురుగు లేదుగాని, సూక్ష్మజీవులున్నమాట నిజము. అవి పంటిపై పాచిలో నివసించి, చక్కెరను తిని, ఆమ్లమును వెలువరించును. ఆ ఆమ్లము పింగాణిపూతను కరగించును. తీపి తిన్న కొలది నిమిషములలోనే ఈ కరగుట ప్రారంభమగును; లాలాజలము దానిని సరిదిద్దుటకు అరగంటయో, అంతకు మించియో పట్టును. కావున ఎంత తీపి తినిరనుటకంటె ఎన్నిమారులు తినిరనునదియే ముఖ్యము. స్వీడను దేశమున లుండు నగరము చెంతనున్న విపెహోల్ము ఆసుపత్రిలో 1945 మొదలు కొన్నియేండ్లు ఈ విషయమున పరిశోధన జరిగినది. తమ మేలుకీడులు తాము చెప్పుకొనలేని రోగులపై జరిగినందున అది తరువాత తీవ్రవిమర్శకు పాత్రమైనది. అయినను అది వెల్లడించిన సంగతిని లోకము మరువరాదు: భోజనముతో తిన్న చక్కెరకంటె, భోజనముల నడుమ మాటిమాటికి తిన్న జిగురు మిఠాయిలు పండ్లను ఎన్నోరెట్లు పాడుచేసినవి. పండుగనాడు విస్తరిలో బూరెలు తిన్న పిల్లవానికంటె, దినమంతయు చాక్లెట్టు చప్పరించు పిల్లవానికే ప్రమాద మెక్కువ.

పసిబిడ్డల విషయమున పాలసీసా మరింత కీడు చేయుచున్నది. పూర్వము ఉగ్గుగిన్నెతో పాలు పట్టువారు. తల్లి కూర్చుండి, బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, పట్టి, మూతి తుడిచి, పని ముగించెడిది. సీసా వచ్చిన పిదప దానిని నోటికందించి నిద్రపుచ్చుట అలవాటైనది. చక్కెర కలిపిన పాలు రాత్రియంతయు పై ముందుపండ్ల చుట్టును నిలిచియుండును. నిద్రలో లాలాజలము తక్కువగా నూరును గనుక కడుగువారు లేరు. నాలుక కప్పియుండుటచేత క్రింది పండ్లు బ్రదుకును. పై పండ్లు నాలుగును కరగి నల్లని మోళ్ళగును. ఈ చెరుపు హఠాత్తుగా రాదు. చిగురువెంట సుద్దవంటి తెల్లని గీత మొదట కానవచ్చును. ఆ దశలో గుర్తించినచో అచ్చటనే ఆపవచ్చును. నెలకొకమారు బిడ్డ పై పెదవి నెత్తి చూచుటకు చదువక్కరలేదు, ధనమక్కరలేదు. ఏడాది నిండునప్పటికి సీసా మాన్పి గిన్నెతోనో, లోటాతోనో త్రాగుట నేర్పవలెను. నిద్రలో నోట సీసా ఎన్నడు నుంచరాదు.

ఇప్పుడు వ్రేలు చీకు అలవాటునకు వత్తము. మఱ్ఱియాకుపై పరుండి కాలి బొటనవ్రేలు నోట నుంచుకొనిన బాలకృష్ణుని పటమును చూచి ముచ్చటపడని తెలుగుతల్లి యుండదు. పసితనమున చీకుట సహజధర్మము. గర్భమునందే శిశువు వ్రేలు నోట పెట్టుకొనుట నేడు స్కానింగు యంత్రములలో కనబడుచున్నది. ఆ చీకుటచేతనే శిశువు పాలు త్రాగనేర్చును. ఆకలి తీరిన పిదపను దానివలన ఊరట పొందును. కావున రెండేండ్లలోపు బిడ్డ వ్రేలు నోట పెట్టుకొనినంతనే కేకలు వేయుట అనవసరము. రెండు మొదలు నాలుగేండ్ల నడుమ చాలమంది పిల్లలు తమంతట తామే మానుదురు.

మానని పిల్లల విషయమై మాత్రమే యోచింపవలెను. పండ్లు ఎముకలో గూటమువలె బిగిసి కదలక యుండునవి కావు. వెలుపలినుండి పెదవులు, బుగ్గలు, లోపలినుండి నాలుక, ఈ రెండు నెట్టుల నడుమ సమముగ నిలిచియుండునవి. స్వల్పమైన నెట్టు అయినను దినమునకు గంటల తరబడి, నెలల తరబడి నడచినచో పన్ను జరుగును. ఎముకయు దానివెంట మారును. దంతవైద్యుడు తీగలతో వంకరపండ్లను సరిచేయునది ఈ సూత్రముచేతనే. వ్రేలును అదేపని చేయును, కాని విపరీతముగా చేయును. పైపండ్లను ముందునకు, క్రిందిపండ్లను వెనుకకు నెట్టును. వ్రేలికి అడ్డుగా నుండుటచే పై, క్రింది ముందుపండ్లు కలియక నడుమ సందు మిగులును. నాలుక క్రిందికి దిగిపోవుటచే, బుగ్గలు లోనికి పీల్చబడుటచే, పై దవడ ఇరుకగును. ఎత్తుపండ్లని తోటిపిల్లలు నవ్వుట, ముందుపండ్లతో కొరుకలేకపోవుట, కొన్ని అక్షరములు నత్తిగా పలుకుట దీని ఫలములు. శాశ్వతమైన ముందుపండ్లు వచ్చు 6వ యేటికి ముందే అలవాటు మానినచో, చాలవరకు పండ్లు తమంతట సర్దుకొనును. అటు తరువాతను సాగినచో వైద్యము తప్పదు. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత ఇచట అక్షరాల చెల్లును.

అయితే మాన్పించు విధమేది? మన యిండ్లలో ఎరిగిన విధము వ్రేలికి వేపాకు పసరో, కాకర రసమో పూయుట. అది సాగనిచో చేతిపై కొట్టుట. చుట్టములు వచ్చినపుడు "ఇంత పెద్దవాడై యింకను వ్రేలు చీకును, చూడుడు" అని నలుగురిలో సిగ్గుపరచుట. ఇవన్నియు కోపమును తీర్చును గాని అలవాటును తీర్పవు. దెబ్బతిన్న పిల్లవాడు దుప్పటిక్రింద చీకును. పసరు పూసినవ్రేలు విడిచి రెండవచేతి వ్రేలు పట్టును. కారణము స్పష్టము. ఆ వ్రేలు వానికి ఊరట; దెబ్బవలన వానికి ఊరట యింకను ఎక్కువ అవసరమగును.

కొట్టుటకు ముందు తండ్రి ఒక వారము ఊరక గమనింపవలెను. బిడ్డ ఎప్పుడు వ్రేలు నోట పెట్టుచున్నాడు? నిద్ర వచ్చినపుడా? ఆకలి వేసినపుడా? ఏ పనియు లేక కూర్చుండినపుడా? ఇంటిలో పెద్దలు కలహించునపుడా? పాప పుట్టి, అమ్మ ఒడి తనకు దూరమైన నాటినుండియా? ఇందులో చాలవానికి జవాబు పసరులో లేదు. చేతికి పని యిచ్చుటలో, పడుకొనువేళ కథ చెప్పి చేయి పట్టుకొని కూర్చుండుటలో, పెద్దబిడ్డను గూడ కొంతసేపు ఒడికి చేర్చుకొనుటలో ఉన్నది. నాలుగేండ్లు దాటిన బిడ్డకు అద్దములో తన పండ్లను చూపి విషయము చెప్పవచ్చును. వ్రేలు నోట పెట్టని దినమున క్యాలెండరులో వానిచేతనే ఒక చుక్క పెట్టించి మెచ్చుకొనవలెను. తప్పిన దినమున ఏమియు ననకూడదు. నిద్రలో చీకువానికి, వాని సమ్మతితోనే, చేతికి మెత్తని బట్ట తొడుగవచ్చును. అది శిక్షగా కాక జ్ఞాపికగా నుండవలెను. ఆరేండ్లకును మానని పిల్లలకు దంతవైద్యులు నోటిలో అమర్చు చిన్న సాధనము గలదు. అదియైనను బిడ్డ మనసు ఒప్పుకొనిన తరువాతనే ఫలించును.

నోటితో గాలి పీల్చు అలవాటును ఇట్లే అర్థము చేసికొనవలెను. ఎల్లప్పుడును నోరు తెరచియుండు పిల్లవానిని మందబుద్ధి యని పిలుచుట క్రూరము. ముక్కు వెనుక కండ పెరిగి దారి మూసికొనినందున ఆ పిల్లవాడు నోటితో ఊపిరి తీయుచుండవచ్చును. నిద్రలో గురక, ఎండిన పెదవులు, తరచు జలుబు దాని గుర్తులు. నాలుక క్రిందికి జారి, పై దవడ ఇరుకై, పండ్లు ముందునకు వచ్చును. "నోరు మూయు" మనినంతమాత్రమున అది మానదు. చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

పిల్లలది కాని నేరమును పిల్లలపై మోపు సందర్భ మింకొకటి గలదు. నల్లగొండ జిల్లా గ్రామములలోను, ప్రకాశము జిల్లా మెట్టప్రాంతములలోను పిల్లల పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు కానవచ్చుట ఎల్లరెరిగినదే. "పండ్లు తోముకొనవు" అని ఉపాధ్యాయుడు, తండ్రి ఆ బిడ్డను దండింతురు. ఎంత తోమినను ఆ మచ్చ పోదు. ఏలన అది పైన అంటిన మురికి కాదు. పన్ను ఎముకలో తయారగుచుండగా, సుమారు ఎనిమిదేండ్లలోపున, త్రాగిన నీటిలో ఫ్లోరైడు మితిమీరుటవలన కలిగిన లోపము. మనదేశమున ఈ వ్యాధిని గురించి తొలుత ప్రకటితమైనది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లానుండి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమము. నీటిని కాచినచో అది పోదు. అట్టి యూళ్ళలో పరీక్షించిన నీటినే పిల్లలకు ఇయ్యవలెను. బిడ్డను నిందించుట మానవలెను.

పండ్లు మొలచునపుడు జ్వరము, విరేచనములు సహజమని మరియొక నమ్మకము. చొల్లు కారుట, చిరాకు, కనబడినదెల్ల కొరుకుట సహజమే. విరేచనములు సహజము కావు. ఆ వయస్సునందే బిడ్డ ప్రాకుచు నేలపైనున్నదెల్ల నోట పెట్టుకొనును. తల్లినుండి వచ్చిన రోగనిరోధకశక్తియు అప్పుడే తగ్గును. పంటిపై నెపము పెట్టి యూరకుండినచో ఒంటిలోని నీరు పోయి ప్రాణమునకే ముప్పు వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు మరణపట్టికలలో పండ్లు మొలచుట శిశుమరణములకు కారణముగా వ్రాయబడుచుండెడిది. అది పంటి నేరము కాదని పిదప తెలిసినది. విరేచనము కాగానే ఓ.ఆర్.ఎస్. ద్రావణము పట్టి వైద్యునికి చూపవలెను.

నిత్యము చేయవలసినది కొంచెమే. తొలిపన్ను వచ్చిననాటినుండి మెత్తని బ్రష్షుతో ఉదయమును, పడుకొనుటకు ముందును శుభ్రపరచవలెను. మూడేండ్లలోపు బియ్యపుగింజంత, ఆ పిదప ఆరేండ్లవరకు బఠాణీగింజంత పేస్టు చాలును; నీటిలో ఫ్లోరైడు అధికముగానున్న ఊళ్ళలో వైద్యుని అడిగి వాడవలెను. ఏడెనిమిదేండ్లవరకు బిడ్డ తనంతట చక్కగ తోముకొనలేడు. పెద్దలు వెనుక నిలిచి సాయపడవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిపూతను అరగదీయును. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిను మాత్రలు వైద్యుడు చెప్పనిదే వేయరాదు. అవి శాశ్వతదంతములకు మాయని మరక కలిగించును. ఆటలో శాశ్వతదంతము సమూలముగా ఊడినచో వేరును తాకక, పచ్చిపాలలో నుంచి, గంటలోపున వైద్యుని చేరినయెడల అది మరల నిలుచు నవకాశము గలదు. తొలి పుట్టినరోజునాటికి బిడ్డ నోటిని ఒకమారు వైద్యునికి చూపుట మేలు.

గ్రంథాలయములో పుస్తకముల బీరువాలను నెలనెల దించి దులుపుట ఎందులకు? చెదలు తాము వచ్చితిమని చెప్పవు గనుక. అట్ట పైకి నిగనిగలాడుచుండగనే లోపలి పుటలు పోవును. నెలకొకమారు బిడ్డ పెదవి నెత్తి చూచుటయు అట్టిదే. ఈ రజతోత్సవ స్మారకముగా పిల్లల పండ్ల కాలక్రమమును తెలుపు పటమొకటి పఠనమందిరపు గోడపై వ్రేలాడదీసినచో, పత్రిక చదువవచ్చిన తండ్రియు, కథల పుస్తకమునకై వచ్చిన తల్లియు దానిని చూతురు. చూచినవారు ఇంటికి పోయి, "ఊడిపోవు పన్నే కదా" యను మాటను మరియొకమారు అనక, అద్దము ముందు బిడ్డను కూర్చుండబెట్టుకొందురు. వ్రేలు చీకు బిడ్డను కొట్టుటకు ఎత్తిన చేయి, తల నిమురుటకు దిగును.

అట్టి తెలివిడి మన గ్రామమున ఇంటింట నెలకొనుగాక!